1860 నంబరు కింద ‘ఉచిత కాల్’ అని రాయకండి

విశాఖ గాజువాకలో మీ ఏసీ సర్వీసు షాపు బోర్డు మీద 1860తో మొదలయ్యే నంబరు వేసి కింద ‘ఉచిత కాల్’ అని రాయించారు, ఇప్పుడేమో బ్యాలెన్స్ కట్ అయిందని ఒక కస్టమర్ గొడవ పెడుతున్నాడు, తప్పెవరిదని కదా మీ ప్రశ్న. ఏమనుకోకండి, తప్పు మీ బోర్డుదే.

1800 అయితే ఖర్చంతా నంబరు తీసుకున్నవాళ్లదే, కానీ 1860లో ఫోన్ చేసినవాళ్లు లోకల్ కాల్ రేటు కట్టుకోవాలి, పైగా అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉన్నా ఈ నంబర్లకు అది వర్తించకపోవచ్చు. మొన్న నేనే ఒక 1860కి చేసి పావుగంట ఆ హోల్డ్ మ్యూజిక్ విన్నాను, తర్వాత బ్యాలెన్స్ చూసుకుంటే ఒళ్లు మండింది.

బ్రిటన్‌లో 2015 జులై నుంచి 084, 087తో మొదలయ్యే నంబర్లను ప్రకటనలో వేస్తే సర్వీస్ ఛార్జీ ఎంతో కూడా చెప్పి తీరాలి. మన దగ్గరా తప్పుదోవ పట్టించే ప్రకటనల సంగతి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. ఆ కస్టమర్ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాడంటే మీకే తలనొప్పి.

రేపే పెయింటర్‌ని పిలిచి ‘ఉచిత’ చెరిపించి, ‘కాల్ ఛార్జీలు వర్తిస్తాయి’ అని కనబడేలా రాయించండి. పక్కన 0891తో మొదలయ్యే విశాఖ ల్యాండ్‌లైన్ కూడా వేయండి. అసలు మీ కస్టమర్లంతా ఊళ్లోనే కూర్మన్నపాలెం, ఎన్‌ఏడీ వైపువాళ్లే అయితే 1860 ఎందుకండీ? ఆ కస్టమర్‌కు పోయిన డబ్బులు బిల్లులో తగ్గించేయండి.