రీల్ నీళ్లలోకి తీసుకెళ్లే ముందు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

డైవింగ్‌లో తిరుగు దారి కోసం వేసే లైన్ (సన్నని తాడు) చుట్టుకునే రీల్ కొన్నానని, వచ్చే డైవ్‌లోనే వాడి చూస్తానని రాశావు. కాస్త ఆగు. ముందు నేల మీద చెయ్యి తిరగాలి. ఇంకో మాట ఇప్పుడే చెప్పేస్తాను. చేతిలో రీల్ ఉన్నంత మాత్రాన గుహలోకో, మునిగిన ఓడ లోపలికో పోకు. తల మీద కప్పు ఉండే చోట్లకి వేరే శిక్షణ ఉంది. అది పూర్తయ్యేదాకా సాధనంతా నేరుగా పైకి తేలగలిగే నీళ్లలోనే చెయ్యి.

లైన్ వేసేది తిరిగి రావడానికి, అదీ ఏమీ కనిపించనప్పుడు. ఒక్క ఫిన్ (కాలికి తొడుక్కునే రెక్క) దెబ్బకి అడుగు బురద లేచిందంటే టార్చి వెలుగుతున్నా నీ చెయ్యి నీకే కనపడదు. అప్పుడిక వేళ్లకు తగిలే లైనే దారి. అమెరికన్ గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ గుహ డైవింగ్ ప్రమాదాలను వరసపెట్టి విశ్లేషించి 1979లో చెప్పిన ముఖ్య నియమాల్లో ఇదొకటి: లైన్ బయటి నీళ్ల దాకా ఎక్కడా తెగకుండా ఉండాలి. అందుకే ప్రతి కట్టు దగ్గరా నిన్ను నువ్వు అడుక్కో, కళ్లు మూసుకుని దీని వెంట వస్తే నా ఒళ్లు కూడా ఇటు పడుతుందా అని.

ఇక సామాను. ప్రధాన లైన్ వేసే ప్రైమరీ రీల్‌లో సుమారు 120 మీటర్ల లైన్ ఉంటుంది, ఆపదకి ఉంచుకునే సేఫ్టీ స్పూల్‌లో (స్పూల్ అంటే ఉత్త లైన్ చుట్టే ఉండ) 45 మీటర్ల దాకా. నేర్చుకోవడానికి 30 మీటర్ల ఫింగర్ స్పూల్ చాలు. దానికి ఇరుసు లేదు, పిడి లేదు కాబట్టి ఇరుక్కునే చోట్లూ తక్కువే. నన్నడిగితే పెద్ద రీల్ కంటే ముందు అది కొనాల్సింది. లైన్ అల్లిన నైలాన్‌దై ఉండాలి, మందం 2 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైలాన్ మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తేలుతుంది. తేలే లైన్ కాస్త వదులైతే చాలు, పైకి లేచి వెనక వచ్చేవాడి సిలిండర్ వాల్వ్‌కి చుట్టుకుంటుంది. 3 మీటర్లకొక ముడి వేసుకుంటే చీకట్లోనూ దూరం లెక్కపెట్టుకోవచ్చు.

కొత్త రీల్‌ని మొత్తం విప్పి, లోపలి కొస డ్రమ్ముకి కట్టి ఉందో లేదో కళ్లారా చూడు. కట్టి లేకపోతే లైన్ అయిపోయినప్పుడు కొస జారి నీళ్లలో కలిసిపోతుంది. తర్వాత తడిపి బిగువుగా చుట్టు, అంచు దగ్గర ఒక సెంటీమీటరు ఖాళీ వదులు. నీళ్లలో చుట్టినప్పుడు ఇంట్లో చుట్టినంత బిగువు రాదు. నిండా నింపిన డ్రమ్మైతే పేటలు పొంగి, డ్రమ్ముకీ ఫ్రేముకీ మధ్య దూరి పట్టేస్తాయి. బయటి కొసన వేసే ఉచ్చు మాత్రం రీల్ మొత్తం దూరేంత పెద్దదిగా ఉండాలి. కట్టేటప్పుడు ఉచ్చుని రాయి చుట్టూ తిప్పి, అందులోంచి రీల్ దూర్చి లాగితే బిగుస్తుంది. దాని మీద ఇంకో చుట్టు వేసి ముందుకు కదులు.

నేల మీద సాధనకి నాలుగు కుర్చీలో, చెట్లో చాలు. రీల్, టార్చి రెండూ ఎడమ చేతిలో ఉంచుకో, కట్టడానికి కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి. ఎడమ చేతి వేలు ఒకటి ఎప్పుడూ డ్రమ్ము అంచుని ఆనుకునే ఉండాలి. కొత్తవాళ్ల చేతుల్లో లైన్ చిక్కుపడేది ఎక్కువగా ఇక్కడే. మనిషి ఆగుతాడు, డ్రమ్ము ఆగదు. అది ఇంకో రెండు చుట్లు తిరిగేసరికి వదులు పేటలు బయటికొచ్చి ఒకదానిలో ఒకటి దూరతాయి. కాబట్టి నువ్వు ఆగే ముందు వేలితో డ్రమ్ముని ఆపు, ఆగాక లాక్ వెయ్యి. స్పూలైతే డబుల్ ఎండర్‌ని (రెండు కొసలా కొక్కెం ఉండే క్లిప్‌ని) దాని చిల్లులోంచి పోనిచ్చి లైన్‌కి తగిలించు.

వేయడం అయ్యాక కళ్లకి గంతలు కట్టుకుని వెనక్కి రా. బొటనవేలూ చూపుడువేలూ కలిపి లైన్ చుట్టూ ఉంగరంలా పట్టుకో, లాగకు. కట్టు తగిలినప్పుడు రెండో చేత్తో అవతలి లైన్ వెతికి పట్టుకున్నాకే మొదటి చెయ్యి వదులు. నీళ్లలో వేసుకునే గ్లవ్స్ తొడుక్కునే ఇదంతా చెయ్యి. ఉత్త చేతులతో వచ్చిన నేర్పు గ్లవ్స్‌తో సగం కూడా పనికిరాదు.

నీళ్లలో మొదటి కట్టు నేరుగా పైకి తేలగలిగే చోట పడాలి, రెండోది, ఆ శిక్షణ అయ్యాక గుహలోకో ఓడలోకో పోయేటప్పుడు, లోపలికి పోగానే. మొదటిది అలలకో, ఎవరి ఫిన్ తగిలో ఊడినా రెండోది నిలుస్తుంది. ఆ తర్వాత దారి మలుపు తిరిగే ప్రతిచోటా ఒక చుట్టు వెయ్యి. కదిలే రాయి, పదునైన అంచు, బతికున్న పగడం మీద వద్దు. లైన్ ఒక పక్కగా, చేతికి అందే ఎత్తులో సాగాలి.

లైన్ ట్రాప్ అనేది ఎక్కువగా మలుపుల్లో పుడుతుంది. కుడికి తిరిగి పదడుగులు ముందుకు పోయాక లైన్ బిగుసుకుంటుంది, మలుపు లోపలి వైపున్న సన్నని పగుల్లోకి జారిపోతుంది. నువ్వు పోయిన దారి మీటరు వెడల్పు, లైన్ ఇప్పుడు ఉన్న చోటు జానెడు. తిరుగు ప్రయాణంలో చెయ్యి దూరుతుంది, సిలిండర్ దూరదు. మలుపుకి ముందొక చుట్టు, దాటాక ఒక చుట్టు, రెండూ వెడల్పైన వైపు వేస్తే ఈ బాధ ఉండదు. కట్టిన చోటు దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూడు. నీ వెనక వచ్చే జోడీ కూడా ప్రతి కట్టునీ వేలితో తడిమి చూడాలి.

రీల్ పట్టినవాడు లోపలికి ముందు, బయటికి ఆఖర. వచ్చేటప్పుడు జోడీ ముందుండి చుట్లు విప్పుతూ, లైన్ వదులవకుండా పట్టుకుంటాడు. చుట్టేటప్పుడు లైన్‌ని లాక్కుంటూ రాకు. ఫ్రాగ్ కిక్‌తో (కప్పలా కాళ్లు తన్నుతూ) నువ్వే దాని దగ్గరికి పో, లైన్‌ని వేలితో అటూ ఇటూ జరుపుతూ డ్రమ్ము మీద సమంగా పరుచు. చూపు ఆనకపోయినా, గాలి కంగారు వచ్చినా చుట్టడం మానెయ్యి. రీల్‌ని లాక్ చేసి అక్కడే కట్టి, లైన్ పట్టుకుని బయటికి రండి. రీల్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

గాలి లెక్క మూడో వంతులది. సిలిండర్‌లో 210 బార్ ఒత్తిడితో దిగితే 140 దగ్గర వెనక్కి తిరగాలి, ఆఖరి 70 ఆపద కోసం. లైన్ వేస్తూ పోతే మామూలు ఈత కంటే ఆలస్యమవుతుంది, గాలీ ఎక్కువ అవుతుంది.

ఎక్కడైనా చిక్కుకుంటే గిర్రున తిరగకు, ఇంకో రెండు చుట్లు పడతాయి. ఆగి, కాస్త వెనక్కి జరిగి, ఫిన్ పట్టీ, వాల్వ్ తడిమి చూడు. జోడీని విప్పమను. కత్తి అన్నిటికన్నా ఆఖర. కోసే ముందు బయటికి పోయే వైపు ఏదో తేల్చుకుని ఆ కొసని గట్టిగా పట్టుకో. వెనక ఇంకెవరైనా ఉంటే నువ్వు కోసేది వాళ్ల దారిని కూడా.

ఇదే స్పూల్ ఉపరితల బోయా (నువ్వున్న చోటు పైవాళ్లకి తెలిసేలా గాలి నింపి పైకి పంపే తేలుడు సంచి) వదలడానికీ పనికొస్తుంది. లోతు కంటే లైన్ పొడవు ఎక్కువ ఉండాలి. 10 మీటర్ల దగ్గర సగం నింపితే పైకి చేరేసరికి నిండుతుంది, 20 మీటర్ల దగ్గరైతే మూడో వంతు చాలు. స్పూల్‌ని ఒంటికి తగిలించుకుని మాత్రం వదలకు. లైన్ ఇరుక్కుంటే బోయా నిన్ను కూడా పైకి లాక్కుపోతుంది, ఊపిరితిత్తులకే ప్రమాదం. ఇరుక్కుందా, చెయ్యి వదిలేయ్.

డైవ్ అయ్యాక మంచినీళ్లలో నానబెట్టి, లైన్ మొత్తం విప్పి నీడన ఆరబెట్టు. పోగులు లేచిన చోట వేలికి గరుకుగా తగులుతుంది. అక్కడ ముడేసి సరిపెట్టకు, లైన్ మార్చెయ్.

ఇట్లు,
మీ అన్నయ్య