మడ అడవులుంటే తుపాను ఊరి మీదికి రాదా?

తుపాను వస్తుంది; తీరాన ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవి తగ్గించేది దాంతోపాటు తోసుకొచ్చే ఉప్పెన జోరును. బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చే శ్వాసవేర్లు, కాండం చుట్టూ దిగే ఊతవేర్లు నీటికి అడుగడుగునా అడ్డుపడతాయి. ఆ రాపిడికి అలల బలం చాలావరకు అక్కడే ఖర్చైపోతుంది. 1999 అక్టోబరులో సూపర్ సైక్లోన్ ఒడిశాను ముంచెత్తినప్పుడు, కేంద్రపడా జిల్లాలో సముద్రానికీ ఊరికీ మధ్య వెడల్పైన మడ మిగిలిన చోట్ల మరణాలు తక్కువ. ముందే అందిన హెచ్చరిక కూడా ఎన్నో ప్రాణాలు కాపాడింది, అది మరవకూడదు. కాబట్టి ఖాళీ చేయమంటే షెల్టరుకు వెళ్లాల్సిందే.

గట్టు వెంట నాలుగు వరుసల మొక్కలు నాటితే చాలని చాలామంది అనుకుంటారు. చాలదు. ఉప్పెన ఎత్తు తగ్గాలంటే అడవి వందల మీటర్ల నుంచి కిలోమీటర్ల వెడల్పు ఉండాలి. అందుకే కాకినాడ దగ్గరి కోరింగలో ఉన్న మడను నరక్కుండా చూసుకోవడం, కొత్తగా నాటడంకన్నా ముఖ్యం.