రంది, కుంగుబాటు, డిప్రెషన్

సందేహం: మా అమ్మ మూడు నెలల సంది సరిగ తింటలేదు, పంటలేదు. ఎవరడిగినా "రందిల ఉన్న బిడ్డా" అంటది. డాక్టరు చీటీ మీద డిప్రెషన్ అని రాసిండు. పేపర్లల్ల కుంగుబాటు అని రాస్తరు. మూడూ ఒకటేనా? డాక్టరు దగ్గర రంది అంటే తప్పా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: తప్పేం లేదమ్మా. కాని మూడూ ఒకటి కాదు.

రందికి వెనక ఏదో ఒకటి ఉంటుంది. "బిడ్డ పెండ్లి రంది", "బోరు పడలేదని రంది", పాలమూరు పల్లెల్లోనైతే "కొడుకు బొంబాయి పోయిండు, గదే రంది". దేని రంది అని అడిగితే జవాబొస్తుంది. అది తీరితే రందీ తీరుతుంది. డిప్రెషన్‌కు కారణం ఉండొచ్చు, లేకపోవచ్చు, ఉన్న కారణం తీరినా అది పోకపోవచ్చు. దాదాపు రోజంతా మనసు బాగుండకపోవడం, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాకపోవడం, వాటితో పాటు తిండీ నిద్రా తప్పడం, ఇట్లా కనీసం రెండు వారాలుంటేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు. రంది ముదిరి డిప్రెషన్ కావచ్చు. అంతమాత్రాన ప్రతి రందీ డిప్రెషన్ కాదు. పరీక్ష తప్పిన పిల్లలు సాయంత్రానికే "డిప్రెషన్ల ఉన్న" అంటున్నారే, అది రందే.

కుంగుబాటు మంచి తెలుగు మాట. 2023లో మేడిగడ్డ బ్యారేజీ కుంగిందంటే ఎవరూ నిఘంటువు తిరగేయలేదు. అయితే మన ఇండ్లల్లో మనసుకు ఆ మాట వాడం. మీ అమ్మగారి నోట అది రాదు, రావాల్సిన పనీ లేదు.

నాకు నచ్చనిది ఆందోళన. ఆంగ్జైటీకి పేపర్లు ఈ మాటే రాస్తున్నాయి. మొదటి పేజీలో కలెక్టరేటు ముందు ఆందోళన, ఆరోగ్యం పేజీలో "ఆందోళన తగ్గాలంటే". మనకు బుగులు ఉండగా ఇదెందుకు? "ఊకె బుగులైతుంది, గుండె దడదడ కొట్టుకుంటుంది" అంటే ఈ ప్రాంతపు డాక్టరుకు వేరే అనువాదం అక్కర్లేదు.

జనం రోగాలకు పేర్లు తమకు వీలైనట్టు పెట్టుకుంటారు. బీపీ అంటే రక్తపోటు, అది లేని మనిషి బతకడు. అయినా "నాకు బీపీ ఉన్నది" అంటే ఎక్కువుందనే అర్థం. షుగరూ అంతే. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు రోగాన్నే ఫ్లోరైడ్ అంటారు. ఫ్లోరైడ్ నీళ్లలో ఉండేది, రోగం పేరు ఫ్లోరోసిస్. వీటితో ఎవరికీ నష్టం లేదు, సరిదిద్దాలని నేను అనను.

నష్టం చేసేవి మెంటల్, సైకో లాంటివి. హైదరాబాదులో మానసిక వైద్యాలయం ఉన్నందుకు ఎర్రగడ్డ అన్న ఊరి పేరే తిట్టయింది. 1912 నాటి చట్టం పేరులోనే లూనసీ, అంటే పిచ్చి, అన్న మాట ఉండేది. 1987లో అది పోయింది, 2017 చట్టం పేరు మానసిక ఆరోగ్య సంరక్షణ. చట్టం మారింది గాని మన నోరు మారలేదు. "ఎర్రగడ్డకు పోవాలె నువ్వు" అని నవ్వుతూ అన్నా, విన్నవాళ్లు రేపు నిజంగా బాగలేకపోతే డాక్టరు దగ్గరికి పోవడానికి జంకుతారు.

ఇక మీ అమ్మగారి సంగతి. రంది అన్న మాటతోనే మొదలుపెట్టనివ్వండి. ఎప్పటినుంచి, పొద్దున ఎక్కువా రాత్రి ఎక్కువా, తెల్లారగట్ల ఎన్ని గంటలకు తెలివైతుంది, ఇవి కలిపి చెప్పండి. మనవాళ్లు మనసు బాధను చాలాసార్లు ఒంటి మీద చెబుతారు: "నెత్తి నొస్తుంది", "కాళ్లు గుంజుతున్నయి", "తిన్నది సయిస్తలేదు". వాటినీ వదలొద్దు. "ఎందుకు బతకాలె" అన్న మాట వస్తే మాత్రం రంది కింద జమకట్టకండి. ఉన్నదున్నట్టు ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మనసు బాగలేనోళ్ల కోసం సర్కారు నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు, పైసలు తీసుకోరు.