కళలకు నిధులిచ్చే సంస్థల్లో ఉద్యోగం: అమెరికా చదువుకు ముందు చూసుకోవలసినవి

ప్రశ్న: మా అమ్మాయి సోషియాలజీలో పీజీ చేసి, హైదరాబాద్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థలో చిందు, ఒగ్గు కళాకారుల కోసం నిధుల దరఖాస్తులు రాస్తోంది. అమెరికాలో ఆర్ట్స్ అడ్మినిస్ట్రేషన్ (కళాసంస్థల నిర్వహణ) చదివి, కళలకు నిధులిచ్చే ఫౌండేషన్లలో జాతిపరమైన సమన్యాయం కోసం పనిచేస్తానంటోంది. ఇప్పుడు అక్కడ ఆ మాట ఎత్తడానికే భయపడుతున్నారని విన్నాం. పంపవచ్చా? - ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీరు విన్నదాంట్లో నిజం ఉంది. అయితే మీ అమ్మాయి ఎంచుకున్న సమస్య ప్రభుత్వం మారగానే తీరిపోయేది కాదు. 2017లో హెలికాన్ కొలాబొరేటివ్ అనే సంస్థ వెలువరించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో కళాసంస్థలకు విరాళాలుగా, గ్రాంట్లుగా అందే సొమ్ములో 58 శాతం, సంఖ్యలో 2 శాతమే ఉన్న అతిపెద్ద సంస్థలకు చేరింది. అప్పటి జనాభాలో 37 శాతమున్న శ్వేతజాతేతర ప్రజల కోసమే ఏర్పడిన బృందాలకు ఫౌండేషన్ల కళానిధుల్లో దక్కింది 4 శాతం. ఈ తేడాను సరిచేయాలని నిధులిచ్చే సంస్థల సంఘమైన గ్రాంట్‌మేకర్స్ ఇన్ ది ఆర్ట్స్ 2015లోనే విధాన ప్రకటన చేసింది. 2020లో ఫోర్డ్ ఫౌండేషన్ మరికొందరు దాతలతో కలిసి, డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెం, సియాటిల్‌లోని వింగ్ లూక్ మ్యూజియం వంటి సంస్థల కోసం 15 కోట్ల డాలర్లకు పైగా ప్రకటించింది.

ఆ తర్వాత గాలి మారింది. నల్లజాతి మహిళల చిన్న వ్యాపారాలకు మాత్రమే గ్రాంట్లిస్తున్న అట్లాంటా సంస్థ ఫియర్‌లెస్ ఫండ్ పథకాన్ని 2024 జూన్‌లో ఫెడరల్ అప్పీలు కోర్టు నిలిపివేసింది. కేసు వ్యాపారాలదే అయినా, ఫౌండేషన్ల న్యాయవాదులు దాన్ని శ్రద్ధగా చదివారు. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్, కళలు అంతగా అందని వర్గాల కోసం నడిపిన ఛాలెంజ్ అమెరికా పథకాన్ని రద్దు చేసి, మే నెలలో అప్పటికే మంజూరైన అనేక గ్రాంట్లను వెనక్కి తీసుకుంది. కాబట్టి ‘ఈక్విటీ’ (సమన్యాయం) అన్న మాటను హోదాలో పెట్టుకున్న ఉద్యోగాన్ని లక్ష్యంగా చేసుకుని అప్పు చేసి వెళ్లడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

అయితే అసలు పని ఆ హోదాల్లో ఎప్పుడూ లేదు, దరఖాస్తు ఫారంలో ఉంది. నేషనల్ ఎండోమెంట్ గ్రాంటు కావాలంటే సంస్థకు కొన్నేళ్ల కార్యక్రమాల చరిత్ర చూపాలి, సాధారణంగా వచ్చే ప్రతి డాలరుకూ మరో డాలరు వేరేచోట నుంచి సమకూర్చాలి. చర్చి హాలులో పిల్లలకు డ్రమ్ములు నేర్పే నల్లజాతి బృందం ఆ రెండో డాలరు దగ్గరే ఆగిపోతుంది. వివక్ష చూపాలని ఎవరూ అనుకోకపోయినా ఫలితం మాత్రం అదే. ఆడిట్ నివేదిక అక్కరలేని చిన్న గ్రాంటును రూపొందించడం, ఒక్క ప్రదర్శనకు కాకుండా అద్దెకూ జీతాలకూ పనికొచ్చేలా మూడేళ్ల నిధి ఇవ్వడం, ఎంపిక కమిటీలో ఎవరు కూర్చోవాలో తేల్చడం: ఇవన్నీ ఫౌండేషన్‌లో గ్రాంట్ల వ్యవహారం చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్ చేతిలో పనులు. సంఘం రిజిస్ట్రేషన్ కాగితమే లేని చిందు మేళానికి దరఖాస్తు రాసిన మనిషికి ఈ చిక్కు విడమరచి చెప్పనక్కర్లేదు. మీ అమ్మాయికి ఉన్న అసలు అర్హత ఇదే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కులాన్నీ అమెరికా జాతి సమస్యనూ ఒకే గాటన కట్టి మాట్లాడితే ఇంటర్వ్యూలో నెగ్గలేరు. బానిసత్వం, మూలవాసుల భూముల ఆక్రమణ, వలసల చట్టాలు తెచ్చిపెట్టిన చరిత్ర వేరు, దాన్ని చదువుకునే వెళ్లాలి. బయలుదేరేలోపు చేయదగిన ఒక అభ్యాసం ఉంది. అక్కడి ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా ఆదాయపు పన్ను శాఖకు సమర్పించే 990-పీఎఫ్ పత్రం ఎవరైనా చూడవచ్చు, ఎవరికి ఎంత ఇచ్చారో అందులో వరసగా ఉంటుంది. ఒక మూడు ఫౌండేషన్ల పత్రాలు తీసుకుని, సొమ్ము ఏ ఊళ్లకు, ఎంత పెద్ద సంస్థలకు వెళ్లిందో తానే లెక్కగట్టి రెండు పేజీలు రాస్తే, ప్రవేశానికి రాసే వ్యాసంలో ఆశయాల గురించిన పేరాలకన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

కోర్సుల విషయానికొస్తే, ఇండియానా యూనివర్సిటీ బ్లూమింగ్టన్‌లోనూ, ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్‌లోనూ ఆర్ట్స్ అడ్మినిస్ట్రేషన్ ఉంది; ఇండియానాపోలిస్‌లో దాతృత్వ రంగానికే ప్రత్యేకించిన లిలీ ఫ్యామిలీ స్కూల్ ఉంది. వీసా దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. ఈ చదువులు సాధారణంగా స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కిందికి రావు కనుక చదువయ్యాక అక్కడ పనిచేయడానికిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే, సాఫ్ట్‌వేర్ పిల్లలకు దొరికే అదనపు 24 నెలలు ఉండవు. ఉద్యోగ వీసా హెచ్‌1బీ కోసం తీసే లాటరీ నుంచి విశ్వవిద్యాలయాలకూ వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థలకూ మినహాయింపు ఉంది, ప్రైవేటు ఫౌండేషన్లలో చాలావాటికి లేదు. అందుచేత మొదటి ఉద్యోగం యూనివర్సిటీ మ్యూజియంలోనో, యూనివర్సిటీ కళాకేంద్రంలోనో వెతకడం మేలు.

తిరిగి వస్తే పని ఉండదేమోనన్న బెంగ అక్కర్లేదు. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1990ల నుంచి గ్రాంట్లిస్తోంది. 2013 కంపెనీల చట్టం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులను సంప్రదాయ కళలకు వెచ్చించడానికి వీలు కల్పించింది, ఆ నిధిని తెలిసి ఖర్చుపెట్టగలవారు మన దగ్గర తక్కువ.

ప్రవేశపత్రంతో పాటు అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో పనిచేసినందుకు ఇచ్చే భృతి), ఫీజు మినహాయింపు వస్తే పంపండి. ఇల్లు తాకట్టు పెడితే తప్ప కుదరదంటే ఈ ఏడాది ఆగి, ఆ రెండు పేజీలు చేతబట్టుకుని వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు చేయమనండి.