మానసిక వైద్యులు దొరకని చోట జనం ఏం చేస్తారు? జింబాబ్వే సంగతి

ఆఫ్రికాలోని చాలా దేశాల్లో సైకియాట్రిస్టులు, అంటే మానసిక వైద్యులు, చాలా తక్కువ. మరి అక్కడి జనం గతేంటి? జింబాబ్వేనే తీసుకుందాం. కోటి మందికి పైగా ఉన్న ఆ దేశంలో చాలాకాలం సైకియాట్రిస్టులు 20 మంది కూడా లేరు. ఉన్నవాళ్లలో ఎక్కువమంది రాజధాని హరారేలోనే. దూరపు ఊరివాళ్లకు ఫీజు సంగతి తర్వాత, బస్సు చార్జీయే భారం. అక్కడి సైకియాట్రిస్టు డాక్టర్ డిక్సన్ చిబాండా దగ్గర వైద్యం పొందుతున్న ఒక అమ్మాయి, ఆ చార్జీ డబ్బుల్లేక ఆసుపత్రికి రాలేకపోయి, 2005లో ఆత్మహత్య చేసుకుంది.

ఆ బాధతోనే ఆయన 2006లో హరారేలోని ఎంబారే పేటలో 14 మంది అమ్మమ్మలకు, మనసు బాగాలేనివాళ్ల మాట విని సాయపడేలా శిక్షణ ఇచ్చారు. క్లినిక్‌లో గది దొరకలేదు, అందుకే బయట బెంచీ వేశారు. అదే ఫ్రెండ్‌షిప్ బెంచ్. అమ్మమ్మలు 'డిప్రెషన్' అనరు. షోనా భాషలో 'కుఫుంగిసిసా' అంటారు, అంటే అతిగా ఆలోచించడం. నాకైతే ఆ మాటే సగం వైద్యంలా అనిపిస్తుంది. మనసులోది చెప్పనిస్తారు, ఒక్క సమస్యను ఎంచుకుని దారి వెతుక్కునేలా సాయపడతారు. 573 మందితో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది: ఆరు నెలల తర్వాత, మామూలు వైద్యం పొందినవాళ్లకంటే బెంచీ దగ్గర సాయం పొందినవాళ్లలో లక్షణాలు బాగా తగ్గాయి.

అయితే స్కిజోఫ్రీనియా వంటి తీవ్రమైన మానసిక జబ్బులకు మందులు, డాక్టరు కావాల్సిందే. ఆ లోటును బెంచీ తీర్చలేదు.