నాలుగు న్యూక్లియస్‌లు కనబడితే హిస్టోలిటికా అని రాసేయొచ్చా?

మోషన్ టెస్టులో నాలుగు న్యూక్లియస్‌ల సిస్ట్ (గట్టి పొరలో ముడుచుకున్న అమీబా) కనబడింది, జబ్బు చేసే ఎంటమీబా హిస్టోలిటికా అని రిపోర్ట్ ఇవ్వొచ్చా, హాని చేయని ఎంటమీబా కోలై కాదని ఎలా తేల్చుకోవాలి అని అడిగారు. ఆ నాలుగు అంకె ఒక్కటే చూసి రాయకండి. ముందు కొలవండి.

ఐపీస్ స్కేలును 40ఎక్స్ మీద స్టేజ్ మైక్రోమీటర్‌తో (కొలత గీతలున్న స్లైడ్‌తో) సరిచూసుకోవాలి. ఉదాహరణకి ఐపీస్‌లో 40 గడులు 100 మైక్రాన్లకు సరిపోయాయంటే ఒక్కో గడి 2.5 మైక్రాన్లు. సిస్ట్ అడ్డంగా 5 గడులుంటే 12.5 మైక్రాన్లు, హిస్టోలిటికా కొలతకి సరిపోతుంది (10–20, మామూలుగా 12–15). 3 గడులే ఉంటే 7.5. అది ఎంటమీబా హార్ట్‌మన్నై అనే ఇంకో అమీబా అయ్యుండొచ్చు. దానికీ నాలుగు న్యూక్లియస్‌లే, పోలికా అదే, హాని మాత్రం చేయదు. కంటి అంచనాతో దాన్ని పట్టుకోలేం. ఒక మైక్రోస్కోపుకి వేసిన లెక్క ఇంకోదానికి పనికిరాదు.

స్లైడ్‌కి ఒకవైపు సెలైన్ చుక్క, రెండోవైపు అయిదింతలు పలచన చేసిన లూగాల్స్ అయోడిన్ చుక్క. రెండింట్లోనూ అగ్గిపుల్ల కొనకి అంటినంత మలం చాలు. స్లైడ్ కింద కాగితం పెడితే అక్షరాలు చదవగలిగేంత పలచగా ఉండాలి. చిక్కగా ఉంటే సిస్టులు చెత్తలో దాక్కుంటాయి.

న్యూక్లియస్‌లు అయోడిన్‌లో బాగా తెలుస్తాయి. అవన్నీ ఒకే మట్టంలో ఉండవు కాబట్టి ఫైన్ ఫోకస్ పైకీ కిందకీ తిప్పుతూ లెక్కపెట్టండి. అలా చేయకపోతే ఎనిమిదున్న కోలై కూడా నాలుగైదుగానే కనిపిస్తుంది. ముదరని కోలై సిస్టులో నిజంగానే నాలుగుండొచ్చు కూడా. అప్పుడు న్యూక్లియస్ లోపలి చుక్క చూడాలి: హిస్టోలిటికాలో చిన్నగా నడిమధ్యన, కోలైలో పెద్దగా ఓ పక్కకి. సిస్టు లోపల కనిపించే క్రొమటాయిడ్ కడ్డీలకి మళ్లీ సెలైన్‌కే రావాలి, అయోడిన్‌లో అవి సరిగా తెలియవు. కొనలు గుండ్రంగా, చుట్టలా ఉంటే హిస్టోలిటికా వైపు. చీలిన కట్టెపేడులా ఉంటే కోలై.

మలంలో కనిపించే ఇతర అమీబాల్లో ఎండోలిమాక్స్ నానా సిస్టు చిన్నది, కోలగా ఉంటుంది. అయొడమీబా సిస్టులో అయోడిన్‌కి ముదురు గోధుమరంగు తిరిగే పెద్ద గ్లైకోజెన్ ముద్ద ఉంటుంది. రెండూ హాని చేయవు.

నీళ్ల విరేచనమైతే అరగంటలోపు చూడాలి. ఆలస్యమైతే ట్రోఫోజోయిట్లు (కదిలే దశలోని అమీబాలు) చచ్చి గుర్తుపట్టలేనట్టు అవుతాయి. మలంలోని సిస్టులను ఒకచోటికి చేర్చే ఫార్మాల్-ఈథర్ పద్ధతిలో సిస్టులే మిగులుతాయి, ట్రోఫోజోయిట్లు దొరకవు. ఎర్ర రక్తకణాలను మింగి, ఒకే దిక్కుగా చొచ్చుకుపోతున్న అమీబా కనబడితే హిస్టోలిటికా అనడానికి గట్టి ఆధారం. అయితే మన ఒంట్లోని రక్షణ కణాలైన మ్యాక్రోఫేజ్‌లు కూడా రక్తకణాలను మింగుతాయి. వాటికి ఆ నడక ఉండదు.

ఇక అసలు చిక్కు. హాని చేయని ఎంటమీబా డిస్పార్ అనే ఇంకో అమీబా సిస్ట్ అన్ని విధాలా హిస్టోలిటికాలాగే ఉంటుంది, మైక్రోస్కోపు వాటిని విడదీయలేదు. అందుకే సిస్టులు మాత్రమే కనబడితే 'ఎంటమీబా హిస్టోలిటికా/డిస్పార్' అని రాయండి. తేల్చాల్సి వస్తే పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష), లేదా ఈ రెంటినీ వేరుచేసే యాంటీజెన్ కిట్ కావాలి. కిట్‌కి ఫార్మాలిన్ కలపని తాజా మలం పంపాలి. లక్షణాలేమీ లేని మనిషికి ఈ సిస్టులు చూసి మాత్రమే మందులు మొదలుపెట్టకూడదని 1997లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పారు.

కోలై అయితే మందు అక్కర్లేదు. కానీ రిపోర్టులో 'ఇ. కోలై' అని పొట్టిగా రాయకండి. చదివేవాళ్లు బాక్టీరియా అనుకుని యాంటీబయోటిక్ మొదలుపెట్టే ప్రమాదం ఉంది. 'ఎంటమీబా కోలై సిస్టులు' అని పూర్తిగా రాయండి.