బ్రౌనీ ఖర్చు, కార్డు మిత్తి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను, జీతం 34,000. నా భార్య ఇంట్లోనే కుట్టుమిషన్ మీద నెలకు 8,000 దాకా సంపాదిస్తుంది. మా బామ్మర్ది హైదరాబాద్ నుంచి బెంగళూరుకు మారుతూ తన లాబ్రడార్‌ను మాకు వదిలిపెట్టాడు. పేరు బ్రౌనీ, ఆడకుక్క, రెండున్నరేళ్లు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి అదే లోకం. వచ్చి నాలుగు నెలలైంది. నెలకు ప్యాకెట్ ఫుడ్‌కు 3,800, గ్రూమింగ్‌కు 1,500, బిస్కెట్లు, బొమ్మలు, షాంపూకు 1,200, ఇతర ఖర్చులు 600 అవుతున్నాయి. మధ్యలో టిక్ ఫీవర్ వస్తే రక్తపరీక్షలు, సెలైన్లు, కారు కిరాయి కలిపి 18,400 క్రెడిట్ కార్డు మీద గీకాను. మినిమమ్ కడుతూ వస్తున్నాను. బ్యాంకులో 40,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, లక్ష రూపాయల చిట్టీ నడుస్తోంది (నెలకు 5,000, ఇంకా ఆరు నెలలు, పాట ఎత్తలేదు). ఎండాకాలానికి ఏసీ పెట్టించమని, ఇన్సూరెన్స్ తీసుకోమని, పిల్లలు పెట్టిస్తే ఖర్చంతా తిరిగొస్తుందని బామ్మర్ది అంటున్నాడు. ఎవరికైనా ఇచ్చేయమని మా అమ్మ పోరు. ఏం చేయాలి?

జవాబు: ముందు కార్డు సంగతి. మిగతావన్నీ ఒక నెల ఆగుతాయి, అది ఆగదు.

మీ ఊళ్లో ఎవరైనా మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చుకున్నారంటే మీరే "ఏమైంది వీడికి" అంటారు. క్రెడిట్ కార్డు మీద నెలకు మూడున్నర శాతం అంటే నూటికి మూడున్నర రూపాయల మిత్తి. ఏడాదికి 42 శాతం. మీ కార్డు రేటు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, స్టేట్‌మెంట్ వెనకవైపు చూడండి. ఆ మిత్తి మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. 18,400 బాకీ అట్లనే పెట్టుకుంటే ఏడాదికి మిత్తి 7,700 పైన, జీఎస్టీతో 9,100 అవుతుంది. అదే సమయంలో మీ 40,000 డిపాజిట్ ఏడు శాతం లెక్కన చూసినా 2,800 సంపాదిస్తుంది. ఎడమ జేబులో 2,800 వేసుకుంటూ కుడి జేబులోంచి 9,100 పారేసుకుంటున్నారు. డిపాజిట్ కదిలించకూడదన్న సెంటిమెంట్ నాకు తెలుసు, మా నాన్నకూ ఉండేది. కానీ ఇది దాన్ని కదిలించాల్సిన సందర్భమే. ముందే తీస్తే రేటు సాధారణంగా ఒక శాతం దాకా తగ్గిస్తారు, అంతే. ఈ వారమే తీసి కార్డు మొత్తం కట్టేయండి. మిగిలిన 21,600 మళ్లీ డిపాజిట్ చేయండి. అది ఇంటి అత్యవసరానికి, బ్రౌనీకి కాదు.

చిట్టీ ఆపకండి. పద్నాలుగు నెలలు కట్టాక పాట ఎత్తకుండా ఉన్నారంటే ఇక నష్టం తక్కువ, చేతికొచ్చేది ఎక్కువ. చివరిదాకా ఉండండి. (రిజిస్టర్ అయిన చిట్టీయే కదా? కాకపోతే ఆ విషయం మీద విడిగా రాయండి.)

ఇక బ్రౌనీ. నెలకు 7,100 అంటే మీ ఇద్దరి సంపాదనలో ఆరో వంతు. లాబ్రడార్లు మామూలుగా పది, పన్నెండేళ్లు బతుకుతాయి. ఇంకా తొమ్మిదేళ్లు అనుకుందాం. మీ అమ్మాయి డిగ్రీ పట్టా తెచ్చుకునేదాకా ఆ కుక్క మీ గుమ్మంలోనే ఉంటుంది. ఇదే లెక్కన తొమ్మిదేళ్లకు 7,66,800. ధరలు పెరగడం కలపకుండానే. అందుకని మీ అమ్మ మాట నేను కొట్టిపారేయను, ఆవిడ లెక్క తెలిసిన మనిషి. అయితే ఈ 7,100లో బ్రౌనీకి నిజంగా అందేది ఎంత, అంగడిలో మిగిలిపోయేది ఎంత అన్నదే నా ప్రశ్న.

గ్రూమింగ్ తీసేయండి. లాబ్రడార్‌ది పొట్టి బొచ్చు, పార్లర్ అవసరం లేదు. నాలుగైదు వారాలకోసారి కుక్కల షాంపూతో ఇంట్లోనే స్నానం, రోజూ ఐదు నిమిషాలు బ్రష్. మన సబ్బు వద్దు, దాని చర్మానికి పడదు. స్నానమయ్యాక చెవులు పొడిగా తుడవాలి. వేలాడే చెవుల్లో తడి ఉంటే చీము పట్టి, దవాఖాన ఖర్చు మళ్లీ మొదలు. ఎండాకాలం వచ్చిందని బొచ్చు గొరిగించే పని పెట్టుకోకండి, ఆ బొచ్చే ఎండ నుంచి కాపాడేది. బ్రష్ పని మీ అమ్మాయికి అప్పగించండి. గోమార్లు కనిపించేది అప్పుడే. చెవుల మడతల్లో, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో వెతకమనండి.

గోమార్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం, మీ 18,400 పోయింది అక్కడే. టిక్ ఫీవర్ వాటి కాటుతోనే వస్తుంది. మన ఎండ, మన గోడల పగుళ్లు వాటికి స్వర్గం. కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే, గుడ్లు ఉండేది గోడ సందుల్లో, గడప కింద, కట్టెల కుప్పలో. కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేస్తే రెండు వారాల్లో మళ్లీ ఎక్కుతాయి. నెలకోసారి వేసే మాత్రలు, మూడు నెలలకోసారి వేసేవి, మెడ మీద చుక్కలు వేసేవి ఉన్నాయి. బరువు చూసి డాక్టర్ రాయాలి. నెలకు 600 దాకా సర్దుకోండి. మీరు ఇతర ఖర్చులు అని రాసిన దాంట్లో ఈ మందు ఉన్నట్టు అనిపించలేదు. 1,500 పార్లర్‌కు పోసి 600 మందు మానేస్తే 18,400 కార్డు మీద పడింది. బ్రౌనీ లెక్కంతా దాదాపు ఇదే.

తిండి. ప్యాకెట్ తప్పు కాదు, కానీ అదొక్కటే అక్కర్లేదు. మీరు పనిచేసేది రైస్ మిల్లులో, నూకలకు కొదవ లేదు. నూకల అన్నం, ఎముక తీసి ఉడికించిన కోడిమాంసం, రెండు గుడ్లు, గుమ్మడికాయో క్యారెట్టో, కాస్త పెరుగు. ఒక పూట ఇది, ఒక పూట ప్యాకెట్ పెడితే నెలకు 2,300 దగ్గర తెమలాలి. ఒక్కరోజులో మార్చకండి, వారం రోజులు కొంచెం కొంచెంగా కలుపుతూ రండి, లేదంటే విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ వేసిన కూర, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ పెట్టకూడదు. ఉడికిన కోడి ఎముకలు విరిగి పేగులో గుచ్చుకుంటాయి, ఆపరేషన్ దాకా పోతుంది. ఆదివారం పళ్లెంలో మిగిలిన బొక్కలు వేసే అలవాటు మనందరి ఇళ్లలో ఉంది. అది మానడానికి పైసా ఖర్చు లేదు. గిన్నె కొలత మాత్రం తప్పనీయకండి. లాబ్రడార్‌కు ఎంత పెట్టినా ఇంకా కావాలన్నట్టే చూస్తుంది, కొన్ని లాబ్రడార్లలో ఆ ఆకలి జన్యువుల్లోనే ఉంది. ఆ చూపుకు లొంగితే బరువు పెరిగి, ముసలితనంలో కీళ్ల మందులు కొనాలి.

నీళ్లు మీరు తాగేవే దానికీ పెట్టండి. ఫ్లోరైడ్ సంగతి మన నల్లగొండ జిల్లావాళ్లకు ఇంకొకరు చెప్పాలా?

ఏసీ గురించి. 38,000 ఏసీ, ఈఎంఐ, కరెంటు బిల్లు కలిపితే అది బ్రౌనీ కోసం కొన్నది కాదు, మీ కోసం కొన్నది. మీకు కావాలంటే కొనుక్కోండి, కుక్క పేరు మీద రాయకండి. మే నెలలో ఇక్కడ 44, 45 డిగ్రీలు కొత్త కాదు, బ్రౌనీకి కష్టమే, కాదనను. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దాని కూలర్. దానికి కావలసింది నీడ, గాలి, నీళ్లు, చల్లని బండ. షాబాద్ బండలు పరిచిన వసారా ఉంటే అంతకంటే మంచి పరుపు లేదు. మా ఇంట్లో రాజుగాడు అని పదకొండేళ్ల వీధికుక్క ఉంది. వాడికి నేను 2,200 పెట్టి మెత్తటి బెడ్ కొన్నాను. ఒక్కరాత్రి కూడా పడుకోలేదు. నల్లా కింద తడిసిన గోనె సంచి మీద, గోడకు వీపు ఆనించి, నాలుగు కాళ్లూ చాపి పడుకుంటాడు. ఇప్పుడు ఆ బెడ్ మీద మా పక్కింటి పిల్లి ఉంటోంది.

నడక ఉదయం ఏడులోపు, మళ్లీ పొద్దుగూకాక. సీసీ రోడ్డు మీద మీ అరచేతి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించి చూడండి, మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. విపరీతంగా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ తూలుతుంటే అది వడదెబ్బ. నీడలోకి తెచ్చి మామూలు చల్లని నీళ్లు ఒంటి మీద పోసి, ఫ్యాన్ కింద పెట్టి, వెంటనే దవాఖానకు తీసుకెళ్లండి. ఐసు ముక్కలు పెట్టకండి. మెడికల్ షాపులో మనుషులకు ఇచ్చే నొప్పి మాత్రలు ఎప్పుడూ వేయకండి, కొన్ని కుక్కలకు విషం.

టీకాలకు, నట్టల మందుకు ఏడాదికి 2,400 అనుకోండి, నెలకు 200. ఇందులోనూ కొంత మిగులుతుంది. ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బులు) దినం నాడు, ప్రభుత్వ పశువుల దవాఖానల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. 1885లో లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి తొలి రేబిస్ టీకా వేయించిన రోజు అది. ముందే ఒకసారి వెళ్లి అడిగి రండి. టీకా కార్డు జాగ్రత్త, తర్వాత ఇన్సూరెన్స్‌వాళ్లు మొదట అడిగేది అదే.

ఇన్సూరెన్స్ ఇప్పుడే వద్దంటాను. పాలసీలు ఉన్నాయి, మోసం కాదు. కానీ టీకాలు, నట్టల మందు, మామూలు చెకప్‌లు సాధారణంగా అందులో రావు. ముందే వచ్చిన జబ్బును పక్కన పెడతారు, మీ టిక్ ఫీవర్ ఇప్పటికే రికార్డులో ఉంది. క్లెయిమ్‌కు సరైన బిల్లులు కావాలి, మనకేమో సగం చోట్ల తెల్లకాగితం మీద అంకె వేసి ఇస్తారు. ముందు మీ సొంత నిధి తయారు కానీయండి. అన్నట్టు, ఆరోగ్య ఖర్చులకు ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు కింద బ్రౌనీ ఖర్చు చూపించొచ్చా అని ఇదివరకు ఒకాయన అడిగాడు. కుదరదు. అందులో లెక్కకొచ్చేది కుటుంబమే, అదీ రెండు కాళ్ల కుటుంబమే.

పిల్లలు పెట్టించే వ్యాపారం మాత్రం గట్టిగా వద్దంటాను. ఎనిమిది పిల్లలు, ఒక్కోటి పదివేలు, ఎనభై వేలు అని మీ బామ్మర్ది నోటి లెక్క వేసి ఉంటాడు. తల్లికి రెండు నెలలు రెట్టింపు తిండి, కాన్పు అడ్డం తిరిగితే ఆపరేషన్, ప్రతి పిల్లకూ టీకాలు. పార్వో అనే వైరస్ అంటుకుంటే ఈత మొత్తం నాలుగు రోజుల్లో పోవచ్చు. పైగా 2017 నాటి బ్రీడింగ్ నిబంధనల ప్రకారం అమ్మకానికి కుక్కలను పెంచేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మిల్లు లెక్కలు రాసే మీరు ఖర్చు కాలమ్ ఖాళీగా ఉన్న లెక్కను నమ్మకండి. దానికి బదులు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. అట్లనే వదిలేస్తే ఆడకుక్కకు వయసు పెరిగే కొద్దీ గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది. అది అర్ధరాత్రి కారు కిరాయి పెట్టుకుని హైదరాబాద్ పరిగెత్తే జబ్బు. ఇప్పుడు తీరిగ్గా చేయిస్తే దాదాపు 8,000 పక్కన పెట్టుకోండి, ధర మీ డాక్టర్‌ను అడగండి. ఎద సమయంలో కాకుండా చూసి చేస్తారు. చిట్టీ డబ్బు వచ్చేదాకా ఆగొచ్చు.

ఇప్పుడు కొత్త లెక్క. తిండి 2,300, గోమార్ల మందు 600, షాంపూ వగైరా 200, టీకాల వాటా 200. మొత్తం 3,300. దీనికి తోడు నెలకు 1,000 బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ), పాస్‌బుక్ మీద బ్రౌనీ అని రాయండి. పోస్టాఫీసు ఆర్డీ మంచిదే కానీ అది ఐదేళ్లది, మూడేళ్ల లోపు మూయనీయరు. కుక్క జ్వరం మూడేళ్లు ఆగదు. అంతా కలిపి 4,300, మీ రాబడిలో పదో వంతు. నెలకు 2,800 మిగులుతుంది. ఏడు నెలలు దాన్ని డిపాజిట్‌లో వేస్తే మీరు తీసిన 18,400 తిరిగి నిండుతుంది.

చిట్టీ చేతికొచ్చాక అందులో 8,000 ఆపరేషన్‌కు, 15,000 బ్రౌనీ నిధికి పెట్టండి. నిధి 25,000 దాటాక నెలనెలా వేసే వెయ్యి ఆపేయొచ్చు.

మీ అమ్మకు మాత్రం ఈ 4,300 లెక్క కాగితం మీద రాసి చూపించండి. రోజూ ఉదయం అరగంట, సాయంత్రం అరగంట బ్రౌనీని నడిపించేది ఎవరో కూడా అందులోనే రాయండి. ఆ గంట ఇచ్చే మనిషి ఇంట్లో లేకపోతే ఆవిడ చెప్పిందే నిజం, మంచి ఇల్లు చూసి ఇచ్చేయండి. ఉంటే, చిట్టీ డబ్బు ఎంత వచ్చిందో ఆరు నెలల తర్వాత రాయండి. మిగిలింది అమ్మాయి ఇంటర్ ఫీజుకు ఎట్లా దాచాలో అప్పుడు చూద్దాం.